మెదడులో బుడగ ఉందన్నారు, అది పగిలేది ఎంతమందికి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. మీ అమ్మగారికి 58 ఏళ్ళు. కళ్ళు తిరుగుతున్నాయని భీమవరంలో ఎమ్మారై తీయిస్తే, మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ (మెదడు పక్క భాగానికి రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళం) దగ్గర 4 మిల్లీమీటర్ల ఎన్యూరిజం, అంటే రక్తనాళం మీద బుడగ, ఉందని రిపోర్టులో రాశారు. బీపీ ఉంది, మాత్ర వేసుకుంటున్నారు. మీ వీధిలోనే ఏడాది తిరక్కుండా ముగ్గురు ‘మెదడులో నరం చిట్లి’ పోయారు. మన డెల్టాలో ఇది మిగతా చోట్ల కంటే ఎక్కువని, చెరువుల నీళ్ళే కారణమని ఊళ్ళో అనుకుంటున్నారు. మన ప్రాంతంలో ఏటా ఎంతమందికి ఇది పగులుతుంది, అమ్మకి వెంటనే ఆపరేషన్ చేయించాలా, ఈ సంగతి ఆమెకి చెప్పాలా వద్దా అని అడిగారు.

నేను 26 ఏళ్ళుగా న్యూరోసర్జన్‌గా పనిచేస్తున్నాను, అందులో ఎక్కువ కాలం గోదావరి జిల్లాల్లోనే. మాది రాజోలు వైపు ఊరు. మీలాగే రిపోర్టు చేత్తో పట్టుకుని, రాత్రంతా నిద్రలేక పొద్దున్నే ఓపీకి వచ్చేవాళ్ళని వారానికి ఒకరినైనా చూస్తాను. ముందే ఒక మాట చెబుతాను, తర్వాత వివరంగా రాస్తాను. మీరు చెప్పిన సైజుకీ చోటుకీ అమ్మగారిది ఈ రాత్రికి రాత్రే పరుగెత్తాల్సిన పరిస్థితి కాదు. నిదానంగా చదవండి.

‘నరం చిట్లింది’ అనే మాట దగ్గర మొదలుపెడతాను. మన భయం సగం అక్కడే పుడుతోంది. ఆ ఒక్క మాట కింద మనవాళ్ళు రెండు వేరువేరు జబ్బుల్ని కలిపేస్తారు. ఒకటి బీపీ వల్ల మెదడు లోపలి సన్నటి రక్తనాళం తెగి, మెదడు కండలోనే రక్తం గడ్డకట్టడం. మూతి వంకర పోతుంది, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. రెండోది మీరు అడిగినది. మెదడు అడుగున పెద్ద రక్తనాళాలు రెండుగా చీలే మలుపుల్లో గోడ పలచబడి బుడగలా ఉబ్బుతుంది, ఎప్పుడో అది పగిలి రక్తం మెదడు చుట్టూ ఉండే నీటిలోకి చిమ్ముతుంది. దీన్ని మేం సబ్‌అరక్నాయిడ్ హెమరేజ్ అంటాం. మొత్తం పక్షవాతం కేసుల్లో ఈ రెండో రకం నూటికి సుమారు 5 మాత్రమే. మొదటి రకం దీనికి కొన్ని రెట్లు ఎక్కువ, ఆసియా వాళ్ళలో మరీ ఎక్కువ. అందుకని మీ వీధిలో పోయిన ముగ్గురి స్కానింగ్ రిపోర్టులు ఎవరిదగ్గరైనా ఉంటే అడిగి చూడండి. ముగ్గురిదీ బీపీ రక్తస్రావమే అయి ఉండే అవకాశం చాలా ఎక్కువ. అలాగైతే ఆ ముగ్గురి చావుకీ అమ్మగారి బుడగకీ సంబంధం లేదు. అమ్మగారి బీపీకి మాత్రం ఉంది, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇక మీరు అడిగిన లెక్క. కోనసీమ జిల్లానే తీసుకుందాం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి జిల్లా హద్దుల్లో ఉన్నది సుమారు 17 లక్షల 19 వేల మంది. అందులో పెద్దవాళ్ళు 12 లక్షలు అనుకోండి. అనేక దేశాల పరిశీలనలన్నీ కలిపి 2011లో వేసిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళలో నూటికి ముగ్గురికి మెదడులో పగలని బుడగ ఒకటి ఉంటుంది. అంటే ఒక్క కోనసీమలోనే 36,000 మంది. అమలాపురం బస్టాండులో తిరిగేవాళ్ళలో, ముక్తేశ్వరం రేవు దాటేవాళ్ళలో, తీర్థాల్లో మన పక్కన నిలబడినవాళ్ళలో వీళ్ళు ఉన్నారు. చాలామందికి ఆ సంగతి తెలియదు, తెలియాల్సిన అవసరం కూడా ఎప్పటికీ రాదు.

మరి పగిలేది ఎందరికి? ప్రపంచ సగటు చూస్తే లక్ష మందికి ఏటా 8 దాకా. 1980లో 10 పైన ఉండేది, 2010 నాటికి 6కి దిగింది. ఈ 6 నుంచి 8 లెక్కని కోనసీమకి వర్తింపజేస్తే ఏడాదికి 100 నుంచి 135 మంది. ఒక పక్క 36,000 మంది, ఇంకో పక్క వందా నూట ముప్పై. భాగిస్తే ఏడాదికి సుమారు 300 మందిలో ఒకరు.

మన దేశంలో ఈ బుడగలు అంత ఎక్కువ ఉండవని వాదించేవాళ్ళూ ఉన్నారు. మద్రాసులో న్యూరోసర్జరీకి పునాది వేసినవారిలో ఒకరైన డాక్టర్ బి. రామమూర్తి గారు ఇండియాలో ఇవి పాశ్చాత్య దేశాల కంటే తక్కువ కనిపిస్తున్నాయని 1969లోనే రాశారు. సరే, మనవాళ్ళలో నూటికి ముగ్గురు కాదు, ఒకటిన్నర మందే అనుకోండి. పగిలే సంఖ్య మాత్రం తగ్గించకుండా అంతే ఉంచండి. అప్పుడు కూడా 18,000 మందిలో 100, 135. అంటే ఏడాదికి 150 మందిలో ఒకరికి అటూఇటూ. భయపడి కావాలని లెక్క పెంచినా అంతకు మించి రావడం లేదు.

ఈ లెక్క మనకి ఎందుకు కనబడదంటే, పగిలినవాడే ఆసుపత్రికి వస్తాడు. పగిలినవాడి గురించే ఊరు మాట్లాడుకుంటుంది. పగలని 35,900 మంది ఎవరికీ కనబడరు. నేను కూడా డ్యూటీ మొదలెట్టిన మొదటి అయిదారేళ్ళు బుడగ అంటే పగిలి తీరేదే అనుకునేవాణ్ణి, ఎందుకంటే నా బల్ల మీదకి వచ్చినవన్నీ పగిలినవే. ఎమ్మారై మిషన్లు రాజమండ్రి, కాకినాడ, భీమవరం దాకా వచ్చి, వేరే కారణానికి తీసిన స్కానుల్లో ఇవి బయటపడటం మొదలయ్యాక నా అభిప్రాయం మారింది.

మనవాళ్ళకి గోదావరి గట్టు గురించి చెప్పక్కర్లేదు. గట్టు పొడుగునా ఎలుక బొక్కలు, పీత బొక్కలు వేలల్లో ఉంటాయి. అన్నీ గండ్లు కావు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు ఎక్కడెక్కడ గండ్లు పడ్డాయో మా నాన్నగారి తరం వేళ్ళ మీద చెప్పేవారు. మిగతా వేల బొక్కలు ఆ వరదని కూడా తట్టుకున్నాయి. గండి పడటానికి బొక్క ఎంత పెద్దది, గట్టు ఏ మలుపులో ఉంది, నీటిమట్టం ఎంత అనే మూడూ కలవాలి. బుడగకీ అంతే. సైజు, చోటు, బీపీ. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 17.75కి మూడోది. బీపీకి అలాంటి మైకు ఎవరూ పట్టుకోరు, మనమే ఇంట్లో మిషన్ పెట్టుకుని చూసుకోవాలి.

ఈ గట్టు మాటతోనే ఇంకో సందేహం కూడా తీరుతుంది. ‘పగిలి వచ్చినవాటిలో సగానికి పైగా చిన్నవే కదా, మరి చిన్నది పగలదని ఎలా అంటారు?’ అని పేషెంట్ల పిల్లలు నన్ను నిలదీస్తారు. నిజమే, పగిలినవాటిలో చాలా భాగం 7 మిల్లీమీటర్ల లోపువే. కానీ చిన్నవి అన్నిటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ సంఖ్యలో ఉంటాయి కాబట్టి, వాటిలో వందల్లో ఒకటి పగిలినా మొత్తం మీద వాటి వాటాయే పెద్దదిగా కనబడుతుంది. ఒక్కొక్క చిన్న బుడగకి ముప్పు తక్కువే.

దేశానికో లెక్క ఎందుకు ఉంటుందని కూడా అడగాలి, మీరు ‘మన డెల్టాలో ఎక్కువా’ అన్నారు కాబట్టి. ఏళ్ళ తరబడి పుస్తకాల్లో ఫిన్లాండ్, జపాన్ పేర్లే వచ్చేవి. మిగతా దేశాలకి 9 ఉంటే ఆ రెండు దేశాల్లో లక్షకి 20 చుట్టుపక్కల అని. 1980 నుంచి 2010 మధ్య యూరప్‌లో ఈ జబ్బు 40 శాతం దాకా తగ్గితే, జపాన్‌లో మాత్రం 59 శాతం పెరిగింది. ఇందులో కొంత వంశపారంపర్యంగా వచ్చిన తేడా కావచ్చు. కానీ కొంత లెక్కపెట్టే తీరులో ఉంది. ఫిన్లాండ్‌లో ఇంట్లో హఠాత్తుగా పోయినవాళ్ళకి కూడా పోస్టుమార్టం చేసే అలవాటు ఎక్కువ. అందుకని ఆసుపత్రి చేరకుండా పోయినవాళ్ళు కూడా లెక్కలోకి వస్తారు. మన లంకల్లో తెల్లవారుజామున బాత్రూమ్‌లో పడిపోయి పోయినవాణ్ణి ‘గుండెపోటు’ అంటాం, మధ్యాహ్నానికి దహనం అయిపోతుంది. బుడగ పగిలినవాళ్ళలో నూటికి 10 నుంచి 15 మంది ఆసుపత్రి చేరకముందే పోతారు. మన దగ్గర వాళ్ళు ఏ రిజిస్టరులోనూ ఈ జబ్బు పేరుతో కనబడరు. కాబట్టి ఎవరైనా ‘మన ప్రాంతంలో తక్కువ’ అన్నా, ‘మన ప్రాంతంలో ఎక్కువ’ అన్నా, ఎలా లెక్కపెట్టారో అడిగాకే నమ్మండి. చెరువుల నీళ్ళ సంగతి కూడా అంతే. రొయ్యల చెరువుల వల్ల భూగర్భ జలం ఉప్పుబారడం నిజం, దాని మీద పోరాడాల్సిందే. కానీ బుడగ పగలడానికి కారణాలుగా రుజువైనవి పొగ, బీపీ, అతిగా మద్యం, కుటుంబ చరిత్ర. ఆడవాళ్ళలో, అందులోనూ 50 దాటాక కాస్త ఎక్కువ.

మొత్తం జనాభా లెక్క మీకు ధైర్యం ఇవ్వొచ్చు గానీ అమ్మగారు జనాభా కాదు, ఒక మనిషి. ఆమె వరకు లెక్క వేయడానికి ఫేజెస్ (PHASES) అని ఒక స్కోరు ఉంది. ఆరు పరిశీలనల్లోని 8,382 మంది వివరాలు కలిపి 2014లో తయారుచేశారు. వయసు 70 దాటలేదు కాబట్టి 0. బీపీ ఉంది కాబట్టి 1. సైజు 7 మిల్లీమీటర్ల లోపు, 0. ఇంతకు ముందు వేరే బుడగ పగలలేదు, 0. చోటు మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ, 2. మొత్తం 3. ఆ స్కోరుకి అయిదేళ్ళలో పగిలే అవకాశం 0.7 శాతం. వెయ్యి మంది ఇలాంటి అమ్మల్లో అయిదేళ్ళలో ఏడుగురికి. అయితే ఈ పట్టికలో జపాన్ వాళ్ళకి అదనంగా 3, ఫిన్లాండ్ వాళ్ళకి 5 పాయింట్లు కలుపుతారు. మనవాళ్ళని చేర్చకుండా తయారైన పట్టిక ఇది, అందుకే నేను ఎప్పుడూ రెండు రకాలుగా వేసి చూపిస్తాను. జపాన్ వాళ్ళకి కలిపినట్టే మనకీ 3 కలిపితే మొత్తం 6, అప్పుడు అయిదేళ్ళకి 1.7 శాతం. వెయ్యిలో పదిహేడు మంది. మీ నిర్ణయం ఈ రెండు అంకెల మధ్య ఉంటుంది.

ఇంటర్నెట్‌లో మీకు దీనికంటే భయంకరమైనవీ, దీనికంటే తేలికైనవీ కనబడతాయి. కంగారు పడకండి, అవి అబద్ధాలు కావు, చూసిన మనుషులు వేరు. 2003లో అమెరికా, కెనడా, యూరప్‌ల నుంచి వచ్చిన పెద్ద పరిశీలనలో, ఇంతకు ముందు ఏదీ పగలనివాళ్ళకి, ముందు భాగంలో 7 మిల్లీమీటర్ల లోపు ఉన్నవి అయిదేళ్ళలో ఒక్కటీ పగలలేదు. 13 నుంచి 24 మధ్య ఉన్నవి 14.5 శాతం, 25 దాటినవి 40 శాతం పగిలాయి. ఆ సున్నా చూసి చాలామంది డాక్టర్లే తప్పుపట్టారు, ఎందుకంటే ప్రమాదకరంగా కనబడినవాటికి ముందే ఆపరేషన్ చేసేసి, మిగిలినవాటినే గమనించారు. 2012లో జపాన్ వాళ్ళు 5,720 మందిని చూస్తే ఏడాదికి 0.95 శాతం వచ్చింది. హెల్సింకిలో 1979కి ముందు పగలని బుడగలకి ఆపరేషన్ చేసేవారు కాదు. అప్పటి 142 మందిని దశాబ్దాల తరబడి గమనిస్తే 30 ఏళ్ళలో 30 శాతం మందికి పగిలాయి. చదవగానే గుండె ఆగిపోతుంది. కానీ ఆ 142 మందిలో ఎక్కువమందికి అప్పటికే వేరే బుడగ ఒకటి పగిలి ఉంది. మీ అమ్మగారు ఆ గుంపు మనిషి కారు.

ఇంకో సంగతి. ఈ ముప్పు ఏటా సమానంగా ఉండదని ఇప్పుడు చాలామందిమి అనుకుంటున్నాం. బుడగ కొత్తగా పుట్టినప్పుడు, లేదా పెరుగుతున్నప్పుడు పగిలే అవకాశం ఎక్కువ. ఏళ్ళ తరబడి అలాగే ఉన్నదానికి గోడ గట్టిపడి కుదురుకుంటుంది. అందుకే మొదటి స్కాన్ కంటే రెండో స్కాన్ ముఖ్యం. ఆరు నెలల నుంచి ఏడాది లోపు మళ్ళీ ఎంఆర్ యాంజియో (రక్తనాళాల్ని చూపించే ఎమ్మారై) తీయించండి, వీలైతే అదే సెంటరులో, అదే మిషన్ మీద. సీడీ జాగ్రత్తగా దాచుకోండి, రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. 4 ఉన్నది 4గానే ఉంటే తర్వాత ఏడాదికో రెండేళ్ళకో. 5కో 6కో పెరిగినా, పక్కన చిన్న పిలక బుడగ వచ్చినా, అప్పుడు మాట మారుతుంది.

ఆపరేషన్ విషయం. రెండు మార్గాలు. పుర్రె తెరిచి బుడగ మెడకి క్లిప్ వేయడం ఒకటి, దీన్ని వాల్టర్ డాండీ 1937లో మొదటిసారి చేశారు. రెండోది గజ్జల్లోంచో మణికట్టులోంచో సన్నటి గొట్టం పంపి బుడగలోకి ప్లాటినం కాయిల్స్ నింపడం, ఇది 1990ల నుంచి. రెండూ మంచి పద్ధతులే. కానీ పగలని బుడగకి చేసినప్పుడు కాయిలింగ్‌లో నూటికి సుమారు 5, క్లిప్పింగ్‌లో సుమారు 8 మందికి ఏదో ఒక ఇబ్బంది వస్తుందని 2019లో లెక్క తేల్చారు. చావు చాలా అరుదు, వెయ్యికి మూడు లోపే. ఇప్పుడు తూచండి. అయిదేళ్ళలో నూటికి రెండు లోపు ముప్పు తప్పించడానికి, ఒకే రోజున నూటికి 5 నుంచి 8 ముప్పు తీసుకోవాలి. అమ్మగారికి 35 ఏళ్ళయితే ముందు ఇంకా 45 ఏళ్ళ బతుకు ఉంది కాబట్టి నేను ఇంకోలా ఆలోచించేవాణ్ణి. బుడగ యాంటీరియర్ కమ్యూనికేటింగ్ ఆర్టరీ (మెదడు ముందు వైపు కుడి, ఎడమ నాళాల్ని కలిపే చిన్న నాళం) దగ్గరో, మెదడు వెనక భాగంలోనో ఉన్నా, 7 దాటినా ఆలోచించేవాణ్ణి. ఇప్పుడు మీరు చెప్పిన వివరాలకి మాత్రం గమనిస్తూ ఉండటమే నా మాట. స్కాన్ నేను చూడలేదు కాబట్టి, చూసిన డాక్టరు ఆకారం బాగాలేదంటే ఆ మాటకే విలువ ఇవ్వండి. ఎవరైనా ‘రేపే చేయించకపోతే బాంబు పేలినట్టే’ అని టెన్షన్ పెడితే ఇంకొక న్యూరోసర్జన్‌కి చూపించండి, అందుకు మీకు టైముంది. చేయించాల్సి వస్తే ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు తీసుకుని అడ్మిషన్‌కి ముందే ఆసుపత్రిలో ఆ పథకం చూసేవాళ్ళతో మాట్లాడండి.

ఇప్పుడు మన చేతిలో ఉన్నవి. బీపీ 130 దగ్గర ఉండేలా చూడండి. నెలకోసారి మెడికల్ షాపులో చూపించుకుని ‘నార్మలే’ అనిపించుకోవడం కాదు, ఇంట్లో మిషన్ కొని వారానికి రెండు మూడుసార్లు పొద్దున్నే చూసి నోటుబుక్కులో రాయండి. బీపీ తగ్గింది కదా అని మాత్ర ఆపేయడం మన దగ్గర ఎంత మామూలో మీకూ తెలుసు. తగ్గింది మాత్ర వల్లే, ఆపకూడదు. మనకి కష్టమైంది ఉప్పు. ఆవకాయ, మాగాయ, ఎండు చేప, ఉప్పు రొయ్య, అన్నీ ఉప్పే. పూర్తిగా మానమని చెప్పను, మన ఇళ్ళల్లో అది జరిగే పని కాదు, రోజూ అన్నది వారానికి ఒకటి రెండుసార్లకి దింపండి. దేశాల మధ్య లెక్కలు పోల్చినప్పుడు, జనంలో పై బీపీ సగటున ఒక్క పాయింటు తగ్గితే ఈ రక్తస్రావాలు 7 శాతం తగ్గినట్టు కనబడింది. ఒక్క పాయింటుకి అంత.

అలాగే పొగ. లంక పొగాకు మన గోదావరి లంకల పంట, ఘాటుకి పేరుపడింది. మా తాతల కాలంలో ఆడవాళ్ళు కూడా చుట్ట కాల్చేవారు, ఇప్పటికీ లంకల్లో పెద్దవాళ్ళు కాలుస్తారు. అమ్మగారికి ఆ అలవాటు ఉంటే సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పండి. లేకపోయినా ఇంట్లో మగవాళ్ళు ఎవరైనా కాలుస్తుంటే బయటికి వెళ్ళమనండి. నేను ఆపరేషన్ చేసిన బుడగల మనుషుల్లో పొగ మానినవాళ్ళకీ మాననివాళ్ళకీ తేడా నా కళ్ళతో చూశాను, కొత్త బుడగలతో తిరిగొచ్చినవాళ్ళు మాననివాళ్ళే.

ఇక అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధగా చదవాల్సిన చోటు ఇది. మన డెల్టాలో మనుషులు పోవడానికి బుడగలు ఎక్కువ ఉండటం కంటే, పగిలిన మొదటి గంటలు చేజారిపోవడం పెద్ద కారణమని నా అనుభవం. పగిలినప్పుడు వచ్చే తలనొప్పి మామూలు తలనొప్పిలా మెల్లగా పెరగదు. ఎవరో వెనక నుంచి రోకలితో కొట్టినట్టు, ఒక్క నిమిషంలోపే భరించలేనంతగా వస్తుంది. ‘నా జన్మలో ఇలాంటి నొప్పి ఎరగను’ అంటారు. వాంతి, మెడ పట్టేయడం, వెలుతురు చూడలేకపోవడం, కొందరికి ఒక కనురెప్ప వాలిపోవడం, కొందరికి కాసేపు స్పృహ తప్పడం. కొంతమందికి పెద్దగా పగలడానికి కొన్ని రోజుల ముందు కొంచెం కారి ఇలాంటి నొప్పే వచ్చి తగ్గిపోతుంది. ఆ తగ్గిపోవడమే మనల్ని మోసం చేస్తుంది.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో, రాత్రి డ్యూటీలో, నలభై దాటిన ఒకావిడ వచ్చారు. దంపుడు బియ్యం చెరుగుతుంటే ఒక్కసారి తల పగిలిపోయినట్టయిందన్నారు. అప్పటికి నొప్పి కాస్త తగ్గింది, చేతులూ కాళ్ళూ బాగానే ఉన్నాయి. మైగ్రేన్ అనుకుని ఇంజెక్షన్ చేసి పంపించాను. మూడో రోజు స్పృహ లేకుండా తీసుకొచ్చారు. ఆవిడ బతకలేదు. ఆవిడ కొడుకు నా చేతులు పట్టుకుని ‘మీరు ఇంటికెళ్ళమన్నారు కదండీ’ అన్నాడు, కోపంగా కాదు, అర్థం కాక అడిగాడు. నేను న్యూరోసర్జరీకి వెళ్ళడానికి ఆ మాట ఒక కారణం. ఇప్పటికీ మన ఊళ్ళల్లో ఈ నొప్పికి గ్యాస్ అనో, పైత్యం అనో, దిష్టి అనో పేరు పెడుతున్నారు. ఒక గ్లుకోజ్ బాటిల్ ఎక్కించి పంపేస్తున్నారు.

అలాంటి నొప్పి వస్తే 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న చోటికి తిన్నగా తీసుకెళ్ళమనండి, మధ్యలో ఇంకెక్కడా ఆగొద్దు. మొదటి ఆరు గంటల్లో మంచి మిషన్ మీద తీసిన సీటీలో రక్తం దాదాపు అందరిలోనూ కనబడుతుంది. ఆలస్యమైన కొద్దీ కనబడటం తగ్గుతుంది, అప్పుడు వెన్నులో నీరు తీసి చూడాల్సి వస్తుంది. ‘వెన్నులో సూది వేస్తే నడుం పడిపోతుంది’ అని అడ్డుపడకండి. పగిలిన బుడగ మొదటి రోజే రెండోసారి పగలడానికి ఎక్కువ అవకాశం ఉంది, రెండోసారి పగిలితే నిలబెట్టడం చాలా కష్టం. అంతర్వేది, సఖినేటిపల్లి వైపు నుంచి రాజమండ్రి రావడానికే రెండు గంటల పైన పడుతుంది. వరదల రోజుల్లో లంకల్లో అయితే ముందు పడవ, తర్వాతే అంబులెన్సు. అందుకే మొదటి గంట ‘చూద్దాంలే’ అని పోగొట్టుకోకూడదంటున్నాను. పగిలినా సరైన టైముకి చేరి, బుడగ మూసేసి, మూడు వారాలు నిమోడిపిన్ మాత్రలు (పగిలాక మెదడు దెబ్బతినడాన్ని తగ్గించేవి) వాడి, మళ్ళీ కొబ్బరి తోటలోకి పనికి వెళ్ళినవాళ్ళు నా దగ్గర చాలామంది ఉన్నారు.

మీరూ, మీ చెల్లెలూ స్కాన్ చేయించుకోవాలా అన్నారు. ఒక్క అమ్మగారికే, అదీ పగలనిది ఉంటే, ఇప్పుడు అవసరం లేదు. తల్లి, తండ్రి, తోబుట్టువులు, పిల్లలు, వీళ్ళలో ఇద్దరికి ఉంటే మాత్రం మిగతావాళ్ళు చేయించుకోవాలి. కిడ్నీల్లో నీటి తిత్తులు వచ్చే వంశపారంపర్య జబ్బు ఉన్న కుటుంబాలు కూడా. మీది మేనరికాలు ఉన్న ఇల్లయితే, అమ్మమ్మ వైపూ నాన్నమ్మ వైపూ హఠాత్తుగా పోయినవాళ్ళ పేర్లు, వయసులు ఒక కాగితం మీద రాసుకుని డాక్టరుకి చూపించండి. ‘గుండెపోటు’ అని మీకు చెప్పినవాటిని కూడా రాయండి.

చివరిగా, అమ్మగారికి చెప్పాలా అన్నారు. చెప్పండి. ఈ రిపోర్టు వచ్చినప్పటి నుంచి ఆవిణ్ణి వంగి ముగ్గు వేయనివ్వడం లేదని, గుడికి పంపడం లేదని రాశారు. ముగ్గు వేయనివ్వండి, గుడికి పంపండి, వంట చేయనివ్వండి. మలబద్ధకం లేకుండా చూడండి, మరీ ముక్కాల్సి రాకూడదు. బరువైన నీళ్ళ బిందెలు మీరు మొయ్యండి. ఆస్పిరిన్ లాంటి మాత్ర ఏదైనా వాడుతుంటే సొంతంగా ఆపొద్దు, డాక్టరుని అడగండి. కారణం చెప్పకుండా ఇన్ని కట్టడాలు పెడితే ఆవిడ ఊహించుకునేది అసలు సంగతి కంటే పెద్దదవుతుంది. పక్కన కూర్చుని, ‘తలలో చిన్న బుడగ ఉందమ్మా, ఇలాంటిది చాలామందికి ఉంటుంది, ఏడాదికోసారి చూపించుకుందాం, బీపీ మాత్ర మానకూడదు’ అని చెప్పండి. ఎప్పుడైనా తల మీద పిడుగు పడినట్టు నొప్పి వస్తే, అర్ధరాత్రయినా సరే, మిమ్మల్ని లేపాలని కూడా చెప్పండి. ఈ మాట తెలియకపోతే ఆవిడ అమృతాంజనం రాసుకుని, పిల్లల నిద్ర చెడగొట్టడం ఎందుకని గోడ వైపు తిరిగి పడుకుంటారు.